ఎన్‌హెచ్‌ఎల్ సౌత్‌ఈస్ట్ డివిజన్ (1998–2013): తరచుగా అడిగే ప్రశ్నలు

అట్లాంటా, రాలీ, టాంపా, వాషింగ్టన్. చూస్తే అమెరికాలో తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడ్డ ఊళ్ల జాబితాలా ఉంది కదా. ఒకప్పుడు ఈ నాలుగు ఊళ్ల జట్లూ, మయామీ పక్కనున్న ఫ్లోరిడా పాంథర్స్‌తో కలిసి ఐస్ హాకీలో ఒకే డివిజన్‌లో ఆడేవి. ఆ డివిజన్ ఇప్పుడు లేదు. అక్కడికి కొత్తగా వెళ్లి హాకీ చూడటం మొదలుపెట్టినవాళ్లు దాని గురించి అడిగే ప్రశ్నలకు జవాబులివి.

అసలు డివిజన్ అంటే ఏమిటి?

ఎన్‌హెచ్‌ఎల్ అంటే నేషనల్ హాకీ లీగ్. అమెరికా, కెనడా జట్లు ఆడే ప్రొఫెషనల్ ఐస్ హాకీ లీగ్. ధ్యాన్‌చంద్ ఆడిన హాకీ వేరు, ఇది వేరు. ఇక్కడ మంచు మీద స్కేట్లు కట్టుకుని, బంతి బదులు పక్ అనే గట్టి రబ్బరు బిళ్లతో ఆడతారు. ఒక్కో జట్టు రెగ్యులర్ సీజన్‌లో 82 మ్యాచ్‌లు ఆడుతూ వచ్చింది. ఖండం ఈ చివర నుంచి ఆ చివరకు అన్ని జట్లూ అందరితో సమానంగా ఆడాలంటే జీవితమంతా విమానాల్లోనే గడిచిపోతుంది. అందుకే దగ్గరి ఊళ్లను ఒక గుంపుగా చేసి, వాళ్ల మధ్య ఎక్కువ మ్యాచ్‌లు పెడతారు. ఆ గుంపే డివిజన్. కొన్ని డివిజన్లు కలిస్తే ఒక కాన్ఫరెన్స్. చివర్లో రెండు కాన్ఫరెన్స్‌ల విజేతలు స్టాన్లీ కప్ కోసం తలపడతారు.

సౌత్‌ఈస్ట్ ఎప్పుడు, ఎందుకు పుట్టింది?

1998లో. అప్పటివరకు లీగ్‌లో నాలుగే డివిజన్లు ఉండేవి. ఆ ఏడాది నాష్‌విల్ జట్టు చేరి మొత్తం 27 అయ్యాయి. వెనకే అట్లాంటా, కొలంబస్, మిన్నెసోటా కూడా వస్తున్నాయని అప్పటికే తెలుసు. నాలుగు డివిజన్లు సరిపోవని ఆరు చేశారు. అలా ఈస్టర్న్ కాన్ఫరెన్స్‌లో అట్లాంటిక్, నార్త్‌ఈస్ట్‌లకు తోడుగా సౌత్‌ఈస్ట్ వచ్చింది.

దీని వెనక లీగ్ పెద్దల ఆశ కూడా ఉంది. 1990లలో కమిషనర్ గ్యారీ బెట్‌మన్ హయాంలో హాకీని ఎండ ఊళ్లకు తీసుకెళ్లాలని గట్టి పట్టుదల. హార్ట్‌ఫర్డ్ వేలర్స్ 1997లో నార్త్ కరోలినాకు తరలి కరోలినా హరికేన్స్ అయింది. టాంపా బే లైట్నింగ్ 1992లో, ఫ్లోరిడా పాంథర్స్ 1993లో మొదలయ్యాయి. ఇలా కొత్తగా మొలిచిన దక్షిణాది జట్లన్నిటినీ ఒక చోట పెడితే వాటి మధ్య పోటీ పెరిగి, జనం వస్తారని లెక్క. కాగితం మీద బాగానే ఉంది.

ఏయే జట్లు ఆడాయి?

మొదటి సీజన్‌లో నాలుగు: కరోలినా హరికేన్స్ (రాలీ జట్టు ఇదే), ఫ్లోరిడా పాంథర్స్, టాంపా బే లైట్నింగ్, వాషింగ్టన్ క్యాపిటల్స్. 1999లో అట్లాంటా త్రాషర్స్ ఐదోదిగా చేరింది. 2011లో ఆ జట్టును అమ్మేసి కెనడాకు తరలించాక, దాని స్థానంలో విన్నిపెగ్ జెట్స్ ఆడింది.

వీటిలో వాషింగ్టన్‌ది మొదటి నుంచీ బలవంతపు కాపురమే. 1974లో పుట్టిన పాత జట్టు అది. న్యూయార్క్ రేంజర్స్, ఫిలడెల్ఫియా, పిట్స్‌బర్గ్‌లతో ఏళ్ల తరబడి వైరం ఉంది. 1998లోనే స్టాన్లీ కప్ ఫైనల్ దాకా వెళ్లింది. అలాంటి జట్టును పాత ప్రత్యర్థుల నుంచి విడదీసి, హాకీకి కొత్త ఊళ్లతో కలిపారు. 2005 నుంచి మూడు సీజన్ల పాటు డివిజన్‌లోని ఒక్కో జట్టుతో ఎనిమిదేసి మ్యాచ్‌లు ఆడాల్సి వచ్చింది. ఫిలడెల్ఫియా వస్తే నిండిపోయే స్టేడియం, ఫ్లోరిడా ఎనిమిదిసార్లు ఎదురుపడితే నిండుతుందా?

డివిజన్ గెలిస్తే ఏం లాభం?

చాలా లాభం. ఈ డివిజన్ మీద వచ్చిన తిట్లలో సగం ఇందువల్లే.

అప్పటి నియమం ప్రకారం ఒక్కో కాన్ఫరెన్స్ నుంచి ఎనిమిది జట్లు ప్లేఆఫ్స్‌కు వెళ్తాయి. మూడు డివిజన్ల విజేతలకు మాత్రం పాయింట్లతో నిమిత్తం లేకుండా మొదటి మూడు ర్యాంకులు ఖాయం. ప్రతి రౌండూ ఏడు మ్యాచ్‌ల సిరీస్, ముందు నాలుగు గెలిచినవాళ్లదే సిరీస్. ర్యాంకు పైన ఉంటే, ఏడో మ్యాచ్ దాకా వెళ్తే అది సొంత గడ్డ మీదే. ఇప్పుడు 2001–02 పట్టిక చూడండి. కరోలినా 91 పాయింట్లతో సౌత్‌ఈస్ట్ గెలిచింది. అదే కాన్ఫరెన్స్‌లో టొరంటోకు 100, న్యూయార్క్ ఐలాండర్స్‌కు 96, న్యూజెర్సీకి 95, ఒటావాకు 94. మిగతా రెండు డివిజన్ల విజేతలనూ కలిపితే, పాయింట్ల లెక్కన కరోలినాది ఏడో స్థానం. ర్యాంకు మాత్రం మూడు. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అని మనవాళ్లు ఊరికే అనలేదు.

2011–12లో ఫ్లోరిడా కథ ఇంకా చిత్రం. 94 పాయింట్లతో డివిజన్ టైటిల్ కొట్టింది. గెలిచినవి 38 మ్యాచ్‌లే, గెలుపుకు రెండు చొప్పున 76 పాయింట్లు. మిగతా 18 పాయింట్లూ ఓవర్‌టైమ్‌లోనో షూటౌట్‌లోనో ఓడినందుకు దక్కినవి, ఎందుకంటే అలా ఓడినా ఒక పాయింటు ఇస్తారు. మొదటి రౌండ్‌లో ఆరో ర్యాంకు న్యూజెర్సీతో ఆడింది. న్యూజెర్సీకి 102 పాయింట్లున్నాయి, అయినా ఏడో మ్యాచ్ ఫ్లోరిడాలో. అది రెండో ఓవర్‌టైమ్ దాకా సాగింది. చివరికి న్యూజెర్సీయే గెలిచింది, ఆ తర్వాత ఫైనల్ దాకా వెళ్లింది.

"సౌత్‌లీస్ట్" అని ఎగతాళి చేసేవాళ్లు. అంత బలహీనమా?

సగం నిజం. ఉన్న 14 సీజన్లలో ఈ డివిజన్ నుంచి ఏ ఏడాదీ రెండుకు మించి జట్లు ప్లేఆఫ్స్‌కు వెళ్లలేదు. 1999, 2002, 2004, 2008, 2010, 2013లలో వెళ్లింది ఒక్క విజేతే. 2009–10లో వాషింగ్టన్‌కు 121 పాయింట్లు వస్తే రెండో స్థానంలో ఉన్న అట్లాంటాకు 83. దాన్ని పోటీ అనలేం.

కానీ ఎగతాళి చేసేవాళ్లు గోల్స్ పట్టిక చూడరు. ఆ 14 సీజన్లలో తొమ్మిదిసార్లు లీగ్ మొత్తంలో అత్యధిక గోల్స్ కొట్టిన ఆటగాడు, ఒంటరిగానో మరొకరితో సమంగానో, ఈ డివిజన్‌వాడే. ఫ్లోరిడాకు ఆడిన పావెల్ బురే 58, మరుసటి ఏడాది 59 కొట్టాడు. టాంపాలో విన్సెంట్ లెకావలియే, తర్వాత స్టీవెన్ స్టామ్‌కోస్. అట్లాంటాలో ఇల్యా కొవాల్చుక్. వాషింగ్టన్‌లో అలెగ్జాండర్ ఒవెచ్కిన్, ఒక్క 2007–08లోనే 65 గోల్స్. డిఫెన్స్ బలహీనంగా ఉన్న జట్ల మీద కొట్టారులే అని కొట్టిపారేసేవాళ్లున్నారు. ఆ ఒవెచ్కిన్ 2025 ఏప్రిల్‌లో వేన్ గ్రెట్జ్‌కీ 894 గోల్స్ రికార్డును దాటాక కూడా ఆ మాట అనడానికి ధైర్యం కావాలి.

నా ఉద్దేశంలో ఇక్కడ ఆటగాళ్లకు కరువు లేదు. కరువల్లా ఓపికున్న యజమానులకు, సరిగ్గా జట్టు కట్టే మేనేజర్లకు.

బలహీన డివిజన్ అయితే రెండు కప్పులు ఎలా వచ్చాయి?

అదీ వరసగా! 2004లో టాంపా, 2006లో కరోలినా. మధ్యలో 2004–05 సీజన్ యజమానులకు, ఆటగాళ్ల సంఘానికి జీతాల గొడవ ముదిరి పూర్తిగా రద్దయింది. కాబట్టి ఆడిన సీజన్ల లెక్కలో ఒకదాని వెంట ఒకటి.

టాంపా 2003–04లో 106 పాయింట్లు తెచ్చుకుంది. కోచ్ జాన్ టోర్టరెల్లా, కెప్టెన్ డేవ్ యాండ్రీచక్. అసలు హీరో మాత్రం మార్టిన్ సెయింట్ లూయీ. పొట్టివాడని డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) ఏ జట్టూ తీసుకోని మనిషి, ఆ ఏడాది 94 పాయింట్లతో (ఆటగాడి విషయంలో గోల్స్, గోల్స్‌కు అందించిన పాస్‌లు కలిపిన లెక్క) లీగ్ మొత్తానికి మొదటి స్థానంలో నిలిచి, లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ కూడా పట్టాడు. ఫైనల్ ప్రత్యర్థి కాల్గరీ. సిరీస్‌లో 3–2తో వెనకబడి, వాళ్ల ఊళ్లో ఆరో మ్యాచ్. ఓడితే ఇంటికే. మొదటి ఓవర్‌టైమ్‌లోనూ తేలలేదు. రెండో ఓవర్‌టైమ్ మొదలైన 33 సెకన్లకే సెయింట్ లూయీ గోల్ కొట్టాడు. ఏడో మ్యాచ్‌లో రుస్లాన్ ఫెడోటెంకో కొట్టిన రెండు గోల్స్‌తో 2–1. గమ్మత్తేమిటంటే ఆ కాల్గరీ జట్టు 1980 వరకు అట్లాంటాలో ఉండేది.

కరోలినాది వేరే దారి. 2002లో ఆముదం చెట్టు అనిపించుకున్నవాళ్లే ఆ ఏడాది న్యూజెర్సీ, మాంట్రియల్, టొరంటోలను ఓడించి ఫైనల్ చేరారు. అక్కడ డెట్రాయిట్ చేతిలో 4–1తో ఓడినా, మూడో మ్యాచ్‌ను మూడో ఓవర్‌టైమ్ దాకా లాగారు. అప్పుడే రాలీ స్టేడియం పార్కింగ్‌లో జనం మధ్యాహ్నం నుంచే కార్ల డిక్కీలు తెరిచి, పొయ్యిలు వెలిగించి బార్బెక్యూ మొదలుపెట్టేవాళ్లు. పక్కనే ఉన్న యూనివర్సిటీ ఫుట్‌బాల్ స్టేడియం దగ్గర అలవాటైన పద్ధతే, హాకీకి కూడా పట్టుకొచ్చారు. ఎండాకాలంలో సగం చేతుల చొక్కాలతో హాకీకి వచ్చే జనాన్ని చూసి కెనడా పత్రికల వాళ్లు నోరెళ్లబెట్టారు.

2006లో 112 పాయింట్లతో వచ్చారు. అయినా మొదటి రౌండ్‌లో మాంట్రియల్ చేతిలో సొంత ఊళ్లోనే మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడిపోయారు. కోచ్ పీటర్ లావియొలెట్ సీనియర్ గోల్‌కీపర్‌ను పక్కనపెట్టి, క్యామ్ వార్డ్ అనే 22 ఏళ్ల కుర్రాణ్ని దింపాడు. తర్వాత నాలుగూ వరసగా గెలిచారు. ఫైనల్లో ఎడ్మంటన్ మీద ఏడో మ్యాచ్ 3–1. ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడు ఆ కుర్రాడే. కప్పు ముందుగా ఎత్తిన కెప్టెన్ రాడ్ బ్రిండమోర్ 2018లో అదే జట్టుకు హెడ్ కోచ్ అయ్యాడు.

ఎవరు ఎన్నిసార్లు డివిజన్ గెలిచారు?

వాషింగ్టన్ 7 (2000, 2001, 2008, 2009, 2010, 2011, 2013), కరోలినా 3 (1999, 2002, 2006), టాంపా 2 (2003, 2004), అట్లాంటా 1 (2007), ఫ్లోరిడా 1 (2012). ఇవి సీజన్ ముగిసిన సంవత్సరాలు. విన్నిపెగ్‌కు ఒక్కటీ లేదు.

ఏడుసార్లు గెలిచిన వాషింగ్టన్‌కు అప్పుడు కప్పెందుకు రాలేదు?

ఇది ఆ జట్టు అభిమానులను అడక్కపోవడమే మంచిది. 2003–04లో జట్టును దాదాపు ఖాళీ చేసి, అడుగున పడి (అడుగు జట్లకే ముందు ఎంచుకునే అవకాశం ఎక్కువ), 2004 డ్రాఫ్ట్‌లో ఒవెచ్కిన్‌ను మొదటి పిక్‌గా తెచ్చుకున్నారు. 2007 నవంబర్‌లో జట్టు అట్టడుగున ఉన్నప్పుడు బ్రూస్ బూడ్రో కోచ్‌గా వచ్చి, అదే సీజన్‌లో డివిజన్ గెలిపించాడు. అక్కడి నుంచి వరసగా నాలుగు టైటిల్స్.

ప్లేఆఫ్స్‌లో మాత్రం ఏటా అదే ఏడుపు. 2010లో లీగ్ మొత్తానికి మొదటి స్థానం. ప్రత్యర్థి ఎనిమిదో ర్యాంకు మాంట్రియల్. సిరీస్‌లో 3–1 ఆధిక్యం. ఆరో మ్యాచ్‌లో మాంట్రియల్ గోల్‌కీపర్ యారోస్లావ్ హలాక్ 53 షాట్లు ఆపాడు. ఏడో మ్యాచ్ కూడా పోయింది. మరుసటి ఏడాది సాటి సౌత్‌ఈస్ట్ జట్టు టాంపాయే రెండో రౌండ్‌లో 4–0తో పంపించేసింది. బలహీన జట్ల మీద ఏడాదంతా గెలవడం వల్ల గట్టి పోటీకి అలవాటు పడలేదని కొందరి వాదన. నాకు అది పూర్తిగా నచ్చదు. హలాక్ లాంటి రాత్రి ఎదురైతే ఏ డివిజన్ జట్టయినా చేసేదేమీ లేదు.

అట్లాంటా త్రాషర్స్‌కు ఏమైంది?

ఈ డివిజన్ కథలో మనసు చివుక్కుమనేది ఇక్కడే. మొదటి సీజన్‌లో 14 మ్యాచ్‌లే గెలిచారు, 39 పాయింట్లు. కొత్త జట్టుకు అది మామూలే. 2001లో కొవాల్చుక్, అంతకు ముందు ఏడాది డ్రాఫ్ట్ చేసిన డ్యానీ హీట్లీ ఇద్దరూ మెరిశారు. ఇక కుదురుకుంటారనగా, 2003 సెప్టెంబర్ 29న హీట్లీ నడుపుతున్న కారు ప్రమాదానికి గురైంది. పక్కనున్న సహ ఆటగాడు డాన్ స్నైడర్ ఆరు రోజుల తర్వాత చనిపోయాడు. 2005లో హీట్లీ కోరికపై అతన్ని ఒటావాకు ట్రేడ్ చేశారు.

2007లో ఒకే ఒక్కసారి డివిజన్ గెలిచి ప్లేఆఫ్స్ చేరారు. రేంజర్స్ నాలుగుకు నాలుగూ గెలిచారు, అందులో ఒకటి 7–0. అట్లాంటా త్రాషర్స్ చరిత్రలో ఒక్క ప్లేఆఫ్ విజయం కూడా లేదు. 2010 ఫిబ్రవరిలో కొవాల్చుక్ కూడా కాంట్రాక్టు కుదరక న్యూజెర్సీకి వెళ్లిపోయాడు.

దీనికితోడు యజమానుల గొడవ. జట్టును కొన్న అట్లాంటా స్పిరిట్ బృందంలోని భాగస్వాములు ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కారు. ఇల్లు అంటుకుంటే నీళ్లు తెచ్చేవాడెవడూ లేకపోయాడు. 2011 మే 31న జట్టును విన్నిపెగ్‌కు చెందిన ట్రూ నార్త్ సంస్థకు అమ్ముతున్నట్టు ప్రకటించారు. అట్లాంటా అలా రెండు ఎన్‌హెచ్‌ఎల్ జట్లను పోగొట్టుకుంది, రెండూ కెనడాకే.

"అట్లాంటా వాళ్లకు హాకీ పట్టదు" అనే మాట తరచూ వింటాం. పన్నెండేళ్లలో ఒక్క ప్లేఆఫ్ గెలుపు కూడా చూపించని జట్టుకు ఎవరైనా ఎంతకాలం టికెట్లు కొంటారు?

కెనడా మధ్యలో ఉన్న విన్నిపెగ్ "ఆగ్నేయం"లో ఎలా ఆడింది?

అమ్మకం తేలేసరికి తర్వాతి సీజన్‌కు డివిజన్లు మార్చే టైమ్ లేదు. దాంతో విన్నిపెగ్ అట్లాంటా కుర్చీలోనే కూర్చుంది. విన్నిపెగ్ నుంచి మయామీ మూడు వేల కిలోమీటర్ల పైమాటే. చలికాలంలో మైనస్ 30 డిగ్రీల దగ్గర విమానం ఎక్కి, కొబ్బరిచెట్ల మధ్య దిగి, అది డివిజన్ మ్యాచ్ అనుకోవాలి.

ఒక్క ఏడాదే కదా అని సరిపెట్టుకున్నారు. 2011 డిసెంబర్‌లో లీగ్ కొత్త డివిజన్ల ప్లాన్ కూడా వేసింది. ఆటగాళ్ల సంఘం ఒప్పుకోలేదు. దాంతో 2012–13 కూడా అలాగే గడిచింది. అయితే ఊరి జనానికి ఇదేమీ పట్టలేదు. 1996లో పాత జెట్స్ ఫీనిక్స్‌కు వెళ్లిపోయాక పదిహేనేళ్లు ఎదురుచూసినవాళ్లు. సీజన్ టికెట్లు జనానికి అమ్మకానికి పెట్టిన నిమిషాల్లో అయిపోయాయి.

డివిజన్ ఎప్పుడు రద్దయింది? జట్లు ఎక్కడికి వెళ్లాయి?

2013 మార్చిలో లీగ్ బోర్డు మళ్లీ నాలుగు డివిజన్ల పద్ధతిని ఆమోదించింది. 2013–14 నుంచి అమలు. వాషింగ్టన్, కరోలినా మెట్రోపాలిటన్‌లోకి వెళ్లాయి. పాత ప్రత్యర్థులు మళ్లీ దొరికినందుకు వాషింగ్టన్ వాళ్లు పండగ చేసుకున్నారు. విన్నిపెగ్ సెంట్రల్‌కు మారింది. టాంపా, ఫ్లోరిడాలను మాత్రం బోస్టన్, బఫెలో, డెట్రాయిట్, మాంట్రియల్, ఒటావా, టొరంటోలతో కలిపి అట్లాంటిక్‌లో పెట్టారు. మ్యాపు చూస్తే నవ్వొస్తుంది కానీ, చలికాలంలో ఫ్లోరిడాకు వచ్చే కెనడా, ఉత్తరాది జనం టికెట్లు కొంటారు కాబట్టి అందులో వ్యాపార తెలివి ఉంది.

రద్దయ్యాక ఆ జట్లు ఏమయ్యాయి?

వాషింగ్టన్ 2018లో కప్పు గెలిచింది. టాంపా 2020, 2021లో వరసగా రెండు. ఫ్లోరిడా 2024, 2025లో వరసగా రెండు. విన్నిపెగ్ 2024–25లో 116 పాయింట్లతో లీగ్‌లో మొదటి స్థానం. ఫ్లోరిడాకు ఆ రెండు కప్పులూ తెచ్చిన కోచ్ పాల్ మారిస్ ఎవరనుకున్నారు? 2002లో కరోలినాను ఫైనల్‌కు తీసుకెళ్లిన కోచ్. మధ్యలో విన్నిపెగ్‌కూ పనిచేశాడు.

వెక్కిరింతలు పడ్డ జట్లే లీగ్‌ను ఏలడం చూస్తే ఒకటి స్పష్టం. అడ్డుపడింది ఎండ కాదు. జెఫ్ వినిక్ 2010లో టాంపాను కొన్నాక ఆ జట్టు ఎలా మారిందో చూడండి: ఊరు అదే, వాతావరణం అదే, ఆఫీసు మాత్రం మారింది.

అట్లాంటాకు మూడోసారి జట్టు వస్తుందా?

ఆ ప్రయత్నాలు ఉత్తర శివార్లలో నడుస్తున్నాయి. ఫోర్సైత్ కౌంటీలో "ద గ్యాదరింగ్ ఎట్ సౌత్ ఫోర్సైత్" పేరుతో అరీనాతో కూడిన పెద్ద ప్రాజెక్టు ప్రతిపాదన ఉంది. ఆల్ఫరెటా వైపు నుంచీ ఇంకో ప్రతిపాదన వచ్చింది. కమ్మింగ్, ఆల్ఫరెటా, జాన్స్ క్రీక్‌లలో ఉండే తెలుగువాళ్లకు ఈ పేర్లు కొత్త కాదు. త్రాషర్స్ అరీనా నగరం నడిబొడ్డున ఉండేది, టికెట్లు కొనేవాళ్లలో చాలామంది ఉత్తరాన ఉండేవాళ్లు. పనిరోజు సాయంత్రం ఆ ట్రాఫిక్‌లో డౌన్‌టౌన్‌కు వెళ్లిరావడం ఎంత టెన్షనో అక్కడున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. జట్టు ఇవ్వాలా వద్దా అనేది లీగ్ చేతిలో ఉంది.

ఆ రోజుల మ్యాచ్‌లు చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

టాంపా–కాల్గరీ ఆరో మ్యాచ్ ఎలాగూ ఉంది. వాషింగ్టన్, పిట్స్‌బర్గ్ 2009 మే 4న ఆడిన మ్యాచ్ తప్పక చూడండి. ఒవెచ్కిన్, సిడ్నీ క్రాస్‌బీ చెరో హ్యాట్రిక్ కొట్టారు, వాషింగ్టన్ 4–3తో గెలిచింది. సిరీస్ పోగొట్టుకుందనుకోండి, అది వేరే సంగతి.

టైమ్ తక్కువుంటే 2009 మొదటి రౌండ్, కరోలినా–న్యూజెర్సీ ఏడో మ్యాచ్ చివర చూడండి. న్యూజెర్సీ సొంత ఊరు, గోల్‌లో మార్టిన్ బ్రొడర్, 3–2 ఆధిక్యం. నిమిషం 20 సెకన్లు మిగిలుండగా యూసీ యోకినెన్ స్కోరు సమం చేశాడు. 32 సెకన్లు ఉండగా ఎరిక్ స్టాల్ గెలుపు గోల్ కొట్టాడు.